ముగ్గుకి ముందు చుక్కలు, టైల్స్‌కి ముందు కొలతలు

టైల్స్ షాపుకి భార్యాభర్తలు కలిసి వెళ్తే ఎక్కడైనా జరిగేది ఒకటే. ధర, పెట్టెల లెక్క, ఆటో కిరాయి అన్నీ 'సార్'తో మాట్లాడతారు. అంతా అయ్యాక మనవైపు తిరిగి, "మేడమ్‌గారూ, రంగు మీరు చెప్పండి" అంటారు. మనమూ ముచ్చటపడి లేత గులాబీయో సముద్రపు నీలమో చూపించి వచ్చేస్తాం. ఇక ఆ టైల్ నిలువుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా, ఏ మూల నుంచి మొదలెట్టాలి, ముక్క ఎక్కడ పడాలి అన్న సంగతులు తాపీమేస్త్రీ, ఆయన వెంట వచ్చిన కుర్రాడు కలిసి ఆ పూటకి తేల్చేస్తారు.

బాగానే ఉంది. ఆ తర్వాత పాతికేళ్ళపాటు ఆ సందుల్లో బ్రష్షు పెట్టి తోమేదెవరు? పొయ్యి వెనక పడిన నూనె చుక్కల్ని రోజూ తుడిచేదెవరు? తడినేల మీద అత్తగారినో మామగారినో చెయ్యి పట్టుకుని నడిపించేదెవరు? మనమే కదా! రంగు పదిరోజుల్లో కంటికి అలవాటైపోతుంది. అమరిక మాత్రం రోజూ చేతికీ కాలికీ తగులుతూనే ఉంటుంది. అందుకే రంగుతో సరిపెట్టుకోకుండా అమరిక కూడా మనమే చెప్పాలంటున్నాను.

"అవన్నీ మేస్త్రీ పనులు, మనకేం తెలుస్తాయి?" అనకండి. సంక్రాంతి నెలలో 15 చుక్కలు పెట్టి, 8 వచ్చేదాకా సందు చుక్క పెట్టి, ఒక్క గీత తప్పకుండా ముగ్గు తేల్చే చేతులు మనవి. వాకిలి ఎంతుందో చూసుకోకుండా చుక్కలు మొదలుపెడతామా? అంచుదాకా వెళ్ళాక చోటు చాలకపోతే ఏం జరుగుతుందో మనకి తెలియనిదా? టైల్స్ పని కూడా అంతే. ఒకటే తేడా. ముగ్గు బాగా రాకపోతే చీపురుతో చెరిపేస్తాం. టైల్‌ని సుత్తి పెట్టి పగలగొట్టాలి.

ముందు చుక్కలు పెట్టుకోండి

పిల్లల లెక్కల పుస్తకంలోంచి గళ్ళ కాగితం ఒకటి తీసుకోండి. ఒక్కో గడి 6 అంగుళాలు అనుకోండి. అప్పుడు 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న గోడ టైల్‌కి ఇటు 2 గళ్ళు, అటు 3 గళ్ళు. గోడ కొలతలు మాత్రం ప్లాస్టరింగ్ అయ్యాకే తీసుకోవాలి. ప్లాస్టరింగ్ మందం వల్ల గది ప్లానులో ఉన్నదానికంటే కొంచెం తగ్గుతుంది. తలుపు, కిటికీ, కుళాయిలు, కమోడ్, స్విచ్ బోర్డు ఎక్కడున్నాయో అన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ బాత్‌రూమ్ గోడ వెడల్పు 64 అంగుళాలు, టైల్ వెడల్పు 12 అంగుళాలు అనుకోండి. మేస్త్రీ ఎడమ మూల నుంచి మొదలెడితే 5 టైల్స్ పూర్తిగా పడతాయి, కుడి మూలలో 4 అంగుళాల బద్ద మిగులుతుంది. కింద నుంచి పైదాకా ఆ సన్నటి బద్దే కనపడుతూ ఉంటుంది. అదే గోడకి సరిగ్గా నడిమధ్యన ఒక గీత గీసి, అక్కడి నుంచి ఇటూ అటూ పేర్చుకుంటూ వెళ్ళారనుకోండి. మధ్యలో 4 నిండు టైల్స్, రెండు పక్కలా 8 అంగుళాల ముక్కలు సమానంగా వస్తాయి. ఖర్చులో పెద్ద తేడా లేదు. చూపులో ఎంతో తేడా ఉంది. సగం టైల్ కంటే సన్నటి ముక్క ఎక్కడా పడకూడదని ఒక్క నియమం పెట్టుకోండి, సగం చిక్కులు తీరతాయి. ముక్క తప్పదంటే అది తలుపు వెనకకో, కమోడ్ వెనకకో వెళ్ళేలా చూసుకోండి. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించే గోడకి మాత్రం లెక్క సరిగ్గా కుదరాలి.

ఎత్తు విషయమూ ఇంతే. మామూలుగా తలుపు ఎత్తు 7 అడుగులు, అంటే 84 అంగుళాలు. 12/18 టైల్‌ని నిలువుగా పెడితే 4 వరసలకి 72 అంగుళాలు వస్తాయి, పైన 12 అంగుళాలకి ముక్క కోయాలి. అదే టైల్‌ని పడుకోబెట్టి పెడితే 12 చొప్పున 7 వరసల్లో తలుపు ఎత్తుకి ఇంచుమించు సరిపోతుంది. పేరుకి 12/18 అంటారు గాని దాని అసలు కొలత 300/450 మిల్లీమీటర్లు, అంటే ఒక్కింత తక్కువ. ఆ తేడా సందుల్లోనూ, నేల మందంలోనూ చాలావరకు సర్దుకుపోతుంది.

ఎదురు చుక్కా? సందు చుక్కా?

టైల్స్ అమరికకి ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నా మన ముగ్గు భాషలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ఎదురు చుక్కలాగా టైల్ మీద టైల్, సందుకి ఎదురుగా సందు వచ్చేలా పెట్టడం ఒక పద్ధతి. టైల్ తక్కువ వృథా అవుతుంది, పని త్వరగా తెములుతుంది, గది పొందిగ్గా కనిపిస్తుంది. అయితే గోడ ఏమాత్రం వంకరగా ఉన్నా గీతలు పట్టిస్తాయి. కాబట్టి గోడ మట్టం బాగుంటేనే ఇది.

సందు చుక్కలాగా, ఇటుకలు పేర్చినట్టు, పై వరస టైల్ కింది వరస సందు మీదికి వచ్చేలా పెట్టడం రెండోది. గోడలోని చిన్న చిన్న వంకరలు దీంట్లో దాగుతాయి. కాని పొడవాటి టైల్స్‌కి, ముఖ్యంగా రెండడుగులు ఆపైన ఉన్నవాటికి, ఒక జాగ్రత్త ఉంది. బట్టీలో కాలినప్పుడు పొడవాటి టైల్ మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బుతుంది. సరిగ్గా సగానికి జరిపి పెడితే ఒక టైల్ ఉబ్బు పక్క టైల్ అంచుకి ఆనుకుని, అంచు కాలికి తగిలేలా లేస్తుంది. అందుకని సగానికి బదులు మూడోవంతే జరపమని చెప్పండి. రెండు టైల్స్‌ని ముఖాముఖీ పెట్టి చూస్తే ఆ వంపు ఎంతుందో షాపులోనే తెలిసిపోతుంది.

క్రాసుగా, అంటే మూలలు ఎదురెదురుగా వచ్చేలా పెడితే ఇరుకు గది కాస్త విశాలంగా కనిపిస్తుంది. కాని నాలుగు అంచుల్లోనూ ముక్కలే. మామూలు అమరికకి 10 శాతం టైల్స్ ఎక్కువ తీసుకుంటే దీనికి 15 శాతం తీసుకోవాలి. చేపముల్లులాగా సన్నటి టైల్స్‌ని ఇటొకటి అటొకటి పేర్చేది ఇంకా అందం, ఇంకా ఖర్చు. పైగా సందులు బోలెడు. పొయ్యి వెనక ఇది పెట్టించుకునే ముందు రోజూ తుడిచేది ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రెండు రంగులతో చదరంగం గళ్ళలా వేయాలనుకుంటే ఆ రెండు రంగులూ ఒకే కంపెనీవి, ఒకే కొలత, ఒకే మందం కావాలి. పేరుకి ఒకే సైజైనా రెండు కంపెనీల టైల్స్‌కి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉండొచ్చు. అయిదో వరసకి వచ్చేసరికి సందులు దారి తప్పుతాయి.

ఇంకో చిన్న సంగతి. అడ్డంగా పెట్టిన టైల్స్ గదిని వెడల్పుగానూ, నిలువుగా పెట్టినవి ఎత్తుగానూ చూపిస్తాయి. నిలువు చారల చీర కట్టుకుంటే పొడుగ్గా కనిపిస్తాం చూడండి, అదే సూత్రం!

నేల అద్దంలా ఉండాలా?

మా బంధువుల గృహప్రవేశంలో బాత్‌రూమ్ చూపించబోతే ఒక పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయారు. "నేల అద్దంలా ఉందే అమ్మాయ్! మొహం చూసుకోడానికి బాగుంది గాని, కాలు పెట్టడమెట్లా?" అన్నారు. అందరూ నవ్వారు గాని ఆవిడ అడిగినదాంట్లో నవ్వులాట ఏమీ లేదు.

ఇదివరకు మన స్నానాల గదుల్లో తాండూరు బండలో, షాబాదు బండలో, కడప రాళ్ళో, బేతంచెర్ల నాపరాళ్ళో ఉండేవి. గరుకుగా ఉండి కాలిని పట్టుకునేవి. ఇప్పుడు నున్నటి టైల్ మీద సబ్బునీళ్ళు పడితే నడి వయసు వాళ్ళకే కాలు నిలవదు. ప్రపంచంలో ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం పడిపోవడాలదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలా పోయేవాళ్ళలో 60 ఏళ్ళు దాటినవారే ఎక్కువ. తుంటి ఎముక విరిగి మంచాన పడిన పెద్దవాళ్ళని మనలో చూడనివాళ్ళు ఎవరున్నారు?

కాబట్టి బాత్‌రూమ్ నేలకి నునుపు టైల్ వద్దు. మ్యాట్, యాంటీస్కిడ్ అన్నవి తీసుకోండి. కొన్ని కంపెనీలు ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని పట్టు అంకె ఇస్తాయి. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. తడి నేలకి 10 కానీ, 11 కానీ చూసుకోండి. షాపులో మొహమాటపడకుండా టైల్ మీద కాసిని నీళ్ళు పోయించి, చెప్పులు విడిచి, కాలు పెట్టి చూడండి. చీరకొనేటప్పుడు మడత విప్పి చూడమా ఏమిటి? గోడ టైల్‌ని మాత్రం నేలకి ఎప్పుడూ వాడకండి. దానికి బరువు ఆపే గట్టితనం ఉండదు.

నేల టైల్ సైజు కూడా ముఖ్యమే. బాత్‌రూమ్‌లో నీళ్ళు జాలీ వైపు పోవాలంటే అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. 8 అడుగుల గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి 2 అంగుళాల వాలు అన్నమాట. అడుగు టైల్స్ అయితే ఆ వాలుకి తగ్గట్టు ఒదుగుతాయి. రెండడుగుల టైల్ ఒదగదు, దాన్ని మూలగా కోసి పెట్టాలి. లేకపోతే నీళ్ళు మడుగు కట్టి, రోజూ వైపర్ పట్టుకుని మనమే తోయాలి. పైగా చిన్న టైల్స్‌కి సందులెక్కువ కాబట్టి కాలికి పట్టు కూడా ఎక్కువే. హాల్లో వేసిన రెండడుగుల టైల్‌నే బాత్‌రూమ్‌లోనూ వేస్తామంటే ఒప్పుకోకండి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇంకో రెండు గుర్తు పెట్టుకోండి. నేల, గోడ ఒకే రంగులో ఉంటే చూపు మందగించిన వాళ్ళకి గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. నేల కాస్త ముదురుగా, గోడ లేతగా ఉంచండి. గుమ్మం దగ్గర నేల కిందికి దిగేచోట వేరే రంగు పట్టీ వేయించండి. ఇక కమోడ్ పక్కన, స్నానం చేసేచోట పట్టుకునే స్టీలు కడ్డీ ఎక్కడ వస్తుందో టైల్స్‌కి ముందే కాగితం మీద గుర్తు పెట్టండి. తర్వాత డ్రిల్లింగ్ చేయబోతే టైల్ చిట్లితే, ఆ డిజైను మళ్ళీ దొరకదు.

పోపు చిటపటలకి ఏ గోడ?

వంటింట్లో గట్టు మీదినుంచి పై అరల దాకా మామూలుగా రెండడుగుల ఖాళీ ఉంటుంది. 12 అంగుళాల ఎత్తు వచ్చేలా టైల్ పెడితే రెండు వరసలు చక్కగా సరిపోతాయి. పొయ్యి వెనక మాత్రం సందులు ఎంత తక్కువైతే అంత సుఖం. అక్కడ పొడవాటి టైల్‌ని అడ్డంగా పెట్టించండి. ఉబ్బెత్తు డిజైన్లు, గీతలు చెక్కిన టైల్స్ షాపులో దీపాల కింద మెరిసిపోతాయి. మన ఇంట్లో పోపు నూనె, పసుపు చేరి ఆర్నెల్లకి జిడ్డు కడతాయి. అవి అంత ఇష్టమైతే పొయ్యికి దూరంగా ఉన్న గోడకి వేసుకోండి. బొమ్మల టైల్స్ వేయిస్తే, ఏ బొమ్మ ఏ స్విచ్ బోర్డు కిందికి పోతోందో, ఏ మామిడిపండు మధ్యలోంచి కుళాయి బయటికొస్తుందో కాగితం మీదే చూసుకోండి!

కొందరు "సందులే లేకుండా ఆనించి పెట్టించాం" అని గొప్పగా చెబుతారు. అది మంచిది కాదు. ఎండకీ చలికీ టైల్ ఇసుమంత పెరిగి తరుగుతుంది. కొంచెమన్నా చోటు లేకపోతే అంచులు చిట్లుతాయి, టైల్ పైకి లేస్తుంది. కనీసం 2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. దానికోసం ప్లాస్టిక్ స్పేసర్లు దొరుకుతాయి. సందు నల్లబడుతుందనే కదా మన బాధ? వైట్ సిమెంటు తడినీ జిడ్డునీ పీల్చుకుంటుంది, అందుకే నల్లబడుతుంది. ఎపాక్సీ గ్రౌట్ పీల్చుకోదు. ఖరీదు ఎక్కువే. ఇల్లంతా పెట్టలేకపోయినా పొయ్యి వెనకా, స్నానం చేసేచోటా పెట్టించండి చాలు. లేదా టైల్ రంగుకి కలిసే బూడిదరంగు గ్రౌట్ అడగండి.

మీది బోరు నీళ్ళైతే మరో మాట. ఉప్పు నీటి చుక్కలు ఆరిపోయాక తెల్లటి మరకలు పడతాయి. నల్లటి నిగనిగలాడే టైల్ మీద అవి చుక్కల అమావాస్యలా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. లేత రంగు మ్యాట్ టైల్ మీద అంతగా తెలియవు. ఆ మరకలకి యాసిడ్ పోసి కడిగితే సందుల్లో సిమెంటు తినేస్తుంది. పొరపాటున కూడా యాసిడ్‌నీ, బ్లీచింగ్ పౌడర్‌నీ కలపకండి. దాంట్లోంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకి ప్రమాదం. పనిమనిషికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఎన్ని కొనాలి?

5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న బాత్‌రూమ్‌కి లెక్క ఇలా. నాలుగు గోడల చుట్టుకొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తుకి 182 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపుకి 17.5 తీసేస్తే 164.5. ఒక్కో 300/450 టైల్ 1.45 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి 114 టైల్స్. 10 శాతం కలిపితే దాదాపు 125. నేలకి 40 చదరపు అడుగులు, 10 శాతం కలిపి 44. ఈ అంకెలు చీటీ మీద రాసుకుని షాపుకి వెళ్ళండి. "ఎంతకైనా మంచిది, నాలుగు పెట్టెలు ఎక్కువ తీసుకోండి" అంటే తడబడక్కర్లేదు.

పెట్టెలన్నింటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకే డిజైను అయినా వేరే బ్యాచ్‌లో రంగు ఒక ఛాయ మారొచ్చు. మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో సింహభాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. అక్కడ డిజైన్లు తొందరగా మారిపోతుంటాయి. అందుకని పని అయ్యాక మిగిలిన అయిదారు టైల్స్ పారేయకండి, అటక మీద పెట్టండి. పదేళ్ళ తర్వాత పైపు లీకై గోడ పగలగొడితే వాటి విలువ తెలుస్తుంది.

మేస్త్రీతో మాట

తాపీమేస్త్రీలకి ఈ పని మనకంటే బాగా తెలుసు. కాని వాళ్ళకి చదరపు అడుగు లెక్కన కూలి ఇస్తే, కోతలు పెరిగినకొద్దీ వాళ్ళ పొద్దు పోతుంది, సంపాదన తగ్గుతుంది. అందుకని క్రాసో, చేపముల్లో కావాలనుకుంటే ముందే చెప్పి, దానికి తగ్గ కూలి ఒప్పుకోండి. ఒప్పుకోకుండా మధ్యలో పేచీ పెడితే నష్టం ఇద్దరికీ.

"మేస్త్రీగారూ, సిమెంటు కలిపే ముందు ఒక వరస ఉత్తినే పేర్చి చూపించండి" అని అడగండి. ఎవరూ కాదనరు. పావుగంట పని. ఎక్కడ ముక్క పడుతుందో అందరికీ కనిపిస్తుంది. గోడ సిరామిక్ టైల్స్ నీళ్ళు బాగా పీలుస్తాయి, సిమెంటుతో అతికించేముందు నానబెట్టాలి. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు దాదాపు పీల్చదు, ఉత్త సిమెంటు దాన్ని సరిగా పట్టుకోదు. దానికి టైల్స్ అతికించే గమ్మే వాడమనండి. టైల్ వేస్తే నీళ్ళు కారవనుకోవడం అపోహ. సందుల్లోంచి తడి దిగుతూనే ఉంటుంది. కాబట్టి బాత్‌రూమ్ నేలకి టైల్స్‌కి ముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి, కింద గదిలో తడి దిగిందేమో చూసుకోవాలి. టైల్స్ వేశాక ఒక రూపాయి బిళ్ళతో ఒక్కోదాన్నీ తట్టండి. బోలుగా మోగితే కింద సిమెంటు సరిగా నిండలేదన్నమాట. మేస్త్రీ ఉన్నప్పుడే మార్పించుకోండి.

"మాది అద్దె ఇల్లు కదా" అంటారా? జారే నేల మీద కిందికి అతుక్కునే రబ్బరు చాప వేయండి. నల్లబడిన సందుల్ని గీకించి కొత్త గ్రౌట్ పెట్టించడానికి ఒక రోజు చాలు.

ఇంట్లో టైల్స్ పని అనుకున్న రోజే గళ్ళ కాగితం, స్కేలు, పెన్సిలు తీసుకుని కూర్చోండి. ఆయన్ని టేపు చివర పట్టుకోమనండి. అత్తగారిని పిలిచి, "ఎక్కడ పట్టుకుంటే మీకు వీలుగా ఉంటుంది?" అని అడిగి, ఆవిడ చెయ్యి పెట్టిన చోట గోడ మీద గుర్తు పెట్టండి. గీసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బాత్‌రూమ్ తలుపుకి అంటించండి. మేస్త్రీ వచ్చేసరికి చుక్కలు సిద్ధంగా ఉండాలి.